మిరపకల్లాల ఊళ్ళో మూడో తరగతి

బడి తెరిచిన మొదటి వారం పాఠం జోలికి పోవద్దని నాకు చెప్పింది మా హెడ్మాస్టారు. 1989లో సెకండరీ గ్రేడ్ టీచర్‌గా నాకు మొదటి పోస్టింగు వచ్చింది పల్నాడులో, అప్పటికి అదంతా గుంటూరు జిల్లానే. మిర్చి, పత్తి తప్ప ఇంకో మాట వినపడని ఊరు. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అంటే రెండు గదులు, ఒక వరండా, ఒక పెద్ద వేపచెట్టు. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. ఒకటి, రెండు తరగతులు ఆయన చూసేవారు. సర్వీసు ఎక్కువున్నవాళ్ళే చిన్న తరగతులు తీసుకోవాలని ఆయన పట్టుదల, అది ఎంత సరైన మాటో తర్వాత నాకే తెలిసొచ్చింది. మూడు, నాలుగు, ఐదు నావి, మూడూ ఒకే గదిలో, అరవైమంది దాకా పిల్లలు. టీచర్ ట్రైనింగులో పాఠ్య పథకాలు రాయడం నేర్పారు, బోధనోపకరణాలు చేయించారు. మూడో తరగతికి తీసివేతలు చెబుతున్నంతసేపూ నాలుగు, ఐదువాళ్ళు ఏం చేస్తుంటారో మాత్రం అక్కడ ఎవరూ చెప్పలేదు.

"పాఠాలెక్కడికీ పోవమ్మా, పుస్తకాలు ఎట్లాగూ జులై దాటితేగానీ రావు. గదిలో ఎట్లా మసులుకోవాలో ఈ వారం అదే పాఠమనుకో. చెప్పి వదిలేయకు, చేయించు" అన్నారాయన. చేయించడమంటే నిజంగా చేయించడమే. వరండాలో వేలాడే రైలుపట్టా ముక్క మీద కొట్టి పిల్లల్ని బయటికి పంపడం, మళ్ళీ కొట్టి లోపలికి పిలవడం, సంచి ఏ మేకుకి తగిలించాలి, పలక ఎక్కడ పెట్టాలి, రెండో గంటకి ఎవరి చాప మీద వాళ్ళు కూర్చుని ఉండాలి, ఇవన్నీ రోజుకి నాలుగైదుసార్లు. వాళ్ళకి ఇదంతా ఆటే, రెండోరోజుకి "మళ్ళీ చేద్దాం టీచర్" అని వాళ్ళే అడిగేవాళ్ళు. మూడు తరగతులూ మూడు గోడల వైపు తిరిగి కూర్చునేవి, గోడకో బోర్డు. ఆ బోర్డులకి దొండాకు, బొగ్గు కలిపి నూరి నలుపు పట్టించడం కూడా మొదటి వారం పనే, ఐదో తరగతి వాళ్ళు నూరితే మూడో తరగతి వాళ్ళు పూసేవాళ్ళు, చేతులూ మొహాలూ ఒకటే నలుపు. తను పూసిన బోర్డు మీద గీతలు గీకే పిల్లవాణ్ణి నేను ఆ ఊళ్ళో పెద్దగా చూడలేదు.

పాఠం మధ్యలో చిటికెన వేలు చూపిస్తూ లేచే పిల్లల సంగతి ప్రైమరీ స్కూల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు. ఒకడు లేస్తే వెనకాలే పదిమంది. అందుకని తలుపు పక్కన మేకుకి తాడుతో ఒక చెక్క తగిలించి ఉండేది. చెక్క అక్కడుంటే తీసుకుని వెళ్ళిపోవచ్చు, నన్ను అడగక్కర్లేదు. లేకపోతే ఎవరో వెళ్ళారన్నమాట, వచ్చేదాకా ఆగాలి. మరీ ఆగలేనివాళ్ళు మాత్రం చెక్క లేకపోయినా పోవచ్చు, వాళ్ళని చూసి ఎవరూ నవ్వకూడదు. ఆ నవ్వకూడదన్న భాగాన్ని హెడ్మాస్టారు అన్నిటికంటే ముఖ్యంగా చూసేవారు. గదిలో తప్పు చెప్పినా, బట్ట తడిసినా, నత్తిగా మాట్లాడినా నవ్వకూడదు. ఎవరైనా నవ్వితే పాఠం ఆగిపోయేది, నవ్వు పూర్తిగా ఆగాక మళ్ళీ మొదలయ్యేది, తిట్టడం కొట్టడం ఏమీ లేదు. ఆ ఆగడానికే పిల్లలు సిగ్గుపడేవాళ్ళు.

ఇక పేర్లు. ఊళ్ళో ఒక్కొక్కరికి ఒక్కో వంకర పేరుంటుంది, రంగుని బట్టి, కాలు అవిటిని బట్టి, తండ్రి చేసే పనిని బట్టి, కులాన్ని బట్టి. గడప దాటాక రిజిస్టర్లో ఉన్న పేరే పిలవాలి, నేనూ అంతే. హాజరు వేసేటప్పుడు ఇంటిపేరుతో సహా నింపాదిగా, ప్రతి పేరునీ ఒకే గొంతుతో చదవమని ఆయన నాకు చెప్పారు. ఊరి చివర కాలనీ నుంచి వచ్చే ఒక పిల్లని ఇంటిదగ్గర, వీధిలో అందరూ "ఏయ్" అనే పిలిచేవాళ్ళు, బళ్ళో తన పూర్తిపేరు వినపడగానే ఆ పిల్ల లేచి నిలబడే తీరు ఇప్పటికీ నాకు కళ్ళకి కట్టినట్టుంటుంది.

అన్నిటికంటే కష్టమైంది మంచినీళ్ళ కుండ. ప్రతి సోమవారం కూర్చునే చోటు మారాలి, ప్రతివారం ఇద్దరు పిల్లలు బోరింగు దగ్గర నీళ్ళు కొట్టుకొచ్చి కుండ నింపాలి, గ్లాసు ఎత్తిపట్టి తాగాలి, వంతు రిజిస్టరు వరస ప్రకారం వస్తుంది. వినడానికి ఇది శుభ్రతకి సంబంధించిన మామూలు ఏర్పాటే, కానీ కాలనీ పిల్లల వంతు వచ్చిన వారం ఊళ్ళోంచి ముగ్గురు పెద్దమనుషులు వచ్చి వరండాలో కూర్చున్నారు. మాకేం లేదు మేష్టారూ, ఆడవాళ్ళు ఒప్పుకోవడం లేదు, మా పిల్లలు ఇంటినుంచి సీసాలో తెచ్చుకుంటారు అన్నారు. హెడ్మాస్టారు గొంతు పెంచలేదు. వాళ్ళకి కుర్చీలు వేయించి, ఆ వారం వంతున్న పిల్లవాణ్ణి పిలిచి, ముందు తను తాగి, నాకిప్పించి, తర్వాత వాళ్ళకీ ఇమ్మన్నారు. ఇద్దరు తాగారు, ఒకాయన లేచి వెళ్ళిపోయాడు. ఆయన మనవరాలు నెల పైన సీసా తెచ్చుకుంది, దసరా సెలవుల తర్వాత సీసా రావడం ఆగిపోయింది, మేం ఎవరం ఏమీ అడగలేదు. ఎండలో ఆడొచ్చిన పిల్లకి దాహమేస్తే పక్కనే చల్లటి కుండ ఉంది, అంతే జరిగింది. నా ఇన్నేళ్ళ సర్వీసులో క్రమశిక్షణ అని దేన్నయినా మనస్ఫూర్తిగా అనగలిగితే ఆ కుండ వంతునే అంటాను.

రూల్స్ చార్టు రాసి గోడకి అంటిద్దామని నేనడిగితే, రోజూ పొద్దున ప్రార్థనలో చెబుతూనే ఉన్నారుగా, ఇంకెందుకు అన్నారాయన. ఆయన చెప్పింది ప్రతిజ్ఞ గురించి. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు 1962లో తెలుగులోనే రాసిన ఆ ప్రతిజ్ఞని దేశమంతా తమ తమ భాషల్లో చెప్పుకుంటోంది, మన పిల్లలు మాత్రం రాసినవాడి మాటల్లోనే చెబుతారు, అయినా అర్థం పట్టించుకోకుండా గడగడా అప్పజెప్పేస్తారు. మేం వారానికి ఒక వాక్యం తీసుకునేవాళ్ళం. ప్రతివారితోను మర్యాదగా నడచుకొంటాను అంటే ఈ గదిలో ఏం చేయాలి, పిల్లలే చెప్పాలి. జంతువుల పట్ల దయతో ఉంటాను అన్న వారం వాళ్ళలో వాళ్ళకి పెద్ద చర్చ, ఎందుకంటే బడి దారిలో కుక్కని రాయితో కొట్టని మగపిల్లాడు ఆ రోజుల్లో లేడు. మూడో తరగతి పిల్లాడొకడు లేచి, కుక్క మీదికొస్తే కొట్టాలా వద్దా టీచర్ అని అడిగాడు. మీదికొస్తే నిలబడు, పరిగెత్తకు, రాయి తీసినట్టు వంగు, విసరకు అని హెడ్మాస్టారే వచ్చి చేసి చూపించారు. పెద్ద మనిషి, ధోవతి కట్టుకుని, వరండాలో వంగి చూపించారు.

బెత్తం లేదు మా బళ్ళో. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌తో పిల్లల్ని కొట్టడాన్ని, మనసు నొప్పించడాన్ని నిషేధించడానికి ఇరవై ఏళ్ళ ముందు సంగతి ఇది. చుట్టుపక్కల ఊళ్ళన్నిటిలో చింతబరికలు, గోడకుర్చీలు, తొడపాశాలు మామూలే. తల్లిదండ్రులే వచ్చి "కళ్ళు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండమ్మా, చదువొస్తే చాలు" అని అప్పజెప్పి పోయేవాళ్ళు, అది వాళ్ళకి మా మీదున్న నమ్మకం, కాదనలేం. పిల్లలు కొట్టుకుంటే మాకున్న పద్ధతి ఒకటే, కొట్టినవాడు దెబ్బ తగిలినవాడికి మంచినీళ్ళు తెచ్చివ్వాలి, ఆ పూటంతా పక్కన కూర్చోవాలి, ఇద్దరూ ఒకే పలక మీద లెక్కలు చేయాలి. మధ్యాహ్నానికి ఎందుకు కొట్టుకున్నారో వాళ్ళకే గుర్తుండేది కాదు. అందరితోనూ ఇది పనిచేసిందని చెప్పను, ఇంట్లో రోజూ దెబ్బలు తినే పిల్లలు కొందరు నా దగ్గర ఏడాది మొత్తం చేతులు దించకుండానే వెళ్ళిపోయారు. వాళ్ళ కోసం ఇళ్ళకి వెళ్ళి తండ్రులతో మాట్లాడేవాళ్ళం, కొందరు వినేవాళ్ళు.

హోంవర్కు విషయంలో హెడ్మాస్టారు నన్ను అడిగింది ఒక్కటే: "రేపు ఎన్ని పుస్తకాలు దిద్దగలవు?" అరవైమంది రోజూ ఒక పేజీ తెస్తే అరవై పేజీలు, అందులో ఒత్తులు, దీర్ఘాలు, తేదీ, దస్తూరీ. దిద్దలేనిది ఇవ్వొద్దు, చూడకుండా సంతకం పెట్టిన పేజీని పిల్లాడు వెంటనే కనిపెడతాడు, ఆ మర్నాటి నుంచి వాడూ అట్లాగే రాస్తాడు అన్నారు. లెక్కేసుకుని రోజులు పంచుకున్నాను. మూడో తరగతికి సోమ, గురువారాలు, నాలుగుకి మంగళ, శుక్రవారాలు, ఐదుకి బుధ, శనివారాలు. ఇచ్చిన మర్నాడే దిద్ది చేతికిచ్చేయాలి, ఇది నా వైపు ఒప్పందం. నేను దిద్దకపోతే వాళ్ళకి తర్వాతి హోంవర్కు ఉండదు, ఇది వాళ్ళ ఎదుటే చెప్పిన మాట. మండలాఫీసులో మీటింగుకి వెళ్ళొచ్చిన మర్నాడు ఐదో తరగతి వాళ్ళు లేచి "నిన్న దిద్దలేదు టీచర్, ఈసారి లేదు" అని మర్యాదగా గుర్తుచేసేవాళ్ళు, నేను సరే అనేదాన్ని. మాట అంటే రెండువైపులా అని పిల్లలకి అర్థమయ్యాక హోంవర్కు తేనివాళ్ళ సంఖ్య తగ్గిపోయింది.

ఇచ్చేముందు ఇళ్ళు చూసి రమ్మన్నారు. ఆ మొదటి సంవత్సరం వర్షాకాలం అంతా సాయంత్రాలు పిల్లల వెంట వాళ్ళిళ్ళకి వెళ్ళేదాన్ని. పొద్దుగుంకే వేళకి తల్లి చేలోంచి వచ్చి పొయ్యి రాజేస్తుంటుంది, పెద్దపిల్ల బోరింగు దగ్గర బిందెతో వరసలో ఉంటుంది, చంకలో ఇంకో పిల్లాడు. కరెంటు ఉన్న ఇళ్ళు తక్కువ, ఉన్నా సాయంత్రం కోత. బుడ్డిదీపం ఒకటే, అది పొయ్యి దగ్గరుంటుంది. రేషన్లో ఇచ్చే కిరోసిన్ నెలాఖరుకి రావాలని తల్లి ఆ వత్తిని ఎంత కిందికి దించిపెడుతుందో చూశాక, ఆ వెలుతుర్లో రాయాల్సిన పని ఏదీ పిల్లలకి ఇవ్వకూడదనుకున్నాను. ఇంట్లో చదువొచ్చినవాళ్ళు లేరు, కాబట్టి ఎవరైనా సాయం చేస్తేగానీ కానిది ఇస్తే పిల్లకి పెట్టిన పరీక్ష కాదది, తల్లికి పెట్టినట్టు. అందుకని రాసే పని అంతా బళ్ళోనే, చివరి అరగంట వేపచెట్టు కింద మొదలుపెట్టించేదాన్ని. ఐదు వాక్యాలు చూచిరాత, పైన తేదీ, పక్కన మార్జిను. తప్పు పోతే ఒక గీత కొట్టి పక్కన రాయాలి, ఉమ్ము పెట్టి తుడవకూడదు. నోటుపుస్తకానికి మొదటిరోజే పేజీ నంబర్లు వేయించేదాన్ని, లేకపోతే వానాకాలానికి సగం పేజీలు పడవలైపోతాయి. చురుగ్గా రాసేవాళ్ళకి బడి విడిచేలోపే అయిపోయేది, మిగిలినవాళ్ళకి ఇంటికెళ్ళాక వెలుగుండగానే పది నిమిషాల పని.

ఇంటికి పంపేది నోటితో చేసే పని. ఎక్కం ఇంట్లో ఎవరికైనా అప్పజెప్పి రావాలి, మర్నాడు ఎవరికి చెప్పారో చెప్పాలి. చదువురాని నాయనమ్మలు పదమూడో ఎక్కం దాకా తడుముకోకుండా చెప్పేవాళ్ళున్నారని ఆ ఊళ్ళోనే నాకు తెలిసింది, తప్పు చెబితే వాళ్ళే సరిదిద్ది పంపేవాళ్ళు. సోలకి ఎన్ని గిద్దలు, మానికకి ఎన్ని సోలలు ఇంట్లో కొలిచి రండి అంటే నాలుగు గిద్దలు, నాలుగు సోలలు అని బియ్యం కొలిచి మరీ వచ్చేవాళ్ళు, మర్నాడు లీటర్ల పాఠం దానంతటదే నడిచేది. తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రైమరీ ఎడ్యుకేషన్ ప్రాజెక్టు అని బ్రిటన్ సాయంతో వచ్చినప్పుడు, టీచర్ సెంటర్ మీటింగుల్లో ఆరు సూత్రాలని చెప్పారు, పిల్లలు చేస్తూ నేర్చుకోవాలి, చుట్టూ ఉన్న పరిసరాలని వాడుకోవాలి, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించాలి, ఇట్లాంటివి. మా హెడ్మాస్టారు చివరి వరసలో కూర్చుని సంతోషంగా తలూపుతూ విన్నారు, ఆ గోడల మీద వేలాడదీసే తాళ్ళు, చార్టులు నాకు చాలా నచ్చాయి, కాలనీ పిల్ల రాసిన చూచిరాతని మూడు వారాలు తాడు మీదే ఉంచాను.

హోంవర్కు తేనివాళ్ళని అందరి ముందూ ఎందుకు తేలేదని అడిగేదాన్ని కాదు. అందరి ముందు అడిగితే పిల్లలు అబద్ధం చెబుతారు, లేదా ఇంటి గుట్టు చెప్పాల్సివస్తుంది, రెండూ మంచివి కావు. చివరి అరగంటలో నా పక్కన కూర్చుని పూర్తిచేయాలి. సర్పంచి గారి మనవడైనా, పాలేరు కూతురైనా అంతే. సర్పంచి గారి మనవణ్ణి మొదటిసారి కూర్చోబెట్టినప్పుడు బండి పంపారు ఇంటినుంచి, బండివాడు అరగంట బయట బీడీ కాల్చుకుంటూ ఆగాడు. ఆ రాసే సమయంలో నెమ్మదిగా కారణం దానంతటదే బయటికొచ్చేది, చెల్లెలికి జ్వరమనో, పెన్సిల్ లేదనో, నాన్న తాగొచ్చి సంచి విసిరేశాడనో.

సంక్రాంతి దాటాక మిర్చి కోతలు మొదలవుతాయి, అప్పుడు బడి స్వరూపమే మారిపోతుంది. మూడో తరగతి పిల్లలు కూడా పొద్దున్నే కల్లానికి పోయి తాలుకాయలు, అంటే రంగుపోయిన కాయలు, ఏరి, పది దాటాక వచ్చేవాళ్ళు. వేళ్ళు మంట, అదే చేత్తో కళ్ళు నలుపుకుంటే ఇక ఆ పూటకి చదువు లేదు. గది మొత్తం ఘాటు, ఒకడు తుమ్మితే అందరూ తుమ్మేవాళ్ళు. బలపం పట్టుకోలేని చేతులకి చూచిరాత ఇస్తామా? కల్లానికి పోయే పిల్లలకి ఒంటిపూట బడుల దాకా రాతపని ఉండదని హెడ్మాస్టారు ముందే చెప్పేశారు, బదులుగా లెక్క ఒకటి మనసులో పెట్టుకుని రావాలి. ఈరోజు కల్లంలో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) కట్టారు, అమ్మకి రోజుకి ఎంత కూలి, వారానికి ఎంత రావాలి. నాలుగో తరగతి పిల్ల ఒకతె వాళ్ళమ్మ వారం కూలిని నోటితో లెక్కగట్టి, ముఠా మేస్త్రి ఒక పూట తక్కువ వేశాడని పట్టుకుంది. ఆ తల్లి బడికొచ్చి, నా చేతులు పట్టుకుని, ఏమీ మాట్లాడలేక, కొంగులో తెచ్చిన వేరుసెనగకాయలు బల్ల మీద పోసి వెళ్ళింది. ఆ తర్వాత కోతల కాలమంతా ఆ పిల్ల రోజూ సగంపూటైనా బడికొచ్చింది, వాళ్ళమ్మే పంపింది.

తొంభైల చివరికి పక్క టౌను నుంచి కాన్వెంటు వ్యాన్లు రావడం మొదలైంది. వ్యాను దిగిన పిల్లల సంచులు చూసి మా దగ్గర చదివే పిల్లల తండ్రులకి బెంగ పట్టుకుంది, "వాళ్ళకి రాత్రి తొమ్మిదింటి దాకా రాసేంత ఇస్తారంట, మీరేందమ్మా ఐదు లైన్లు ఇస్తారు" అని నిలదీసేవాళ్ళు. నాకు కోపం వచ్చేది కాదు, పిల్ల బాగుపడాలనే కదా ఆ అడగడం. పిల్లల మీద చదువుల బరువు తగ్గించడానికి కేంద్రం వేసిన యశ్‌పాల్ కమిటీ 1993లోనే ప్రైమరీ పిల్లలకి హోంవర్కు వద్దని, ఇస్తే ఇంటి పరిసరాల్లో చూసి తెలుసుకునేవి మాత్రమే ఇవ్వమని కేంద్రానికి రాసింది, ఆ సంగతి వాళ్ళకి చెప్పేదాన్ని, కానీ కమిటీ పేరు చెబితే ఏ తండ్రి టెన్షనూ తగ్గదు. అందుకని వాళ్ళనే వచ్చి పిల్ల పక్కన కూర్చుని వినమనేదాన్ని. తన కూతురు టీ కొట్టు దగ్గరి పేపర్లో హెడ్డింగులు తప్పులేకుండా చదివితే విన్న తండ్రి మళ్ళీ ఐదు లైన్ల మాట ఎత్తలేదు. కొందరు పిల్లల్ని తీసుకెళ్ళి వ్యాను ఎక్కించారు, అదీ జరిగింది. మంచి పిల్లలు వెళ్ళిపోతుంటే బాధేసేది.

కేంద్రం తెచ్చిన 2020 బడిసంచుల పాలసీలో రెండో తరగతి దాకా హోంవర్కు లేదని, మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించకూడదని రాశారు. రిటైరయ్యాక చదివాను, మా హెడ్మాస్టారు ఉంటే ఎంత సంతోషించేవారో. మేం ఇచ్చింది ఆ రెండు గంటల్లో సగం కూడా ఉండదు. అయితే ఆ రెండు గంటలు ఏ ఇంట్లో ఏ వేళకి దొరుకుతాయో పాలసీలో ఉండదు, అది ఊరిని బట్టి, పంటని బట్టి, ఇంట్లో చంటిపిల్లని బట్టి ఉంటుంది, టీచర్ వెళ్ళి చూస్తేనే తెలుస్తుంది. ఇప్పుడు బుడ్డిదీపాలు లేవు, ఫోన్లు ఉన్నాయి, పొద్దుగుంకే వేళకి ఇంకో రకం ఇబ్బందులు ఉండుంటాయి. నంద్యాల వైపు విత్తనపత్తి క్రాసింగ్ పనులు, అంటే విత్తనాల కోసం పత్తిపూలకి చేత్తో పుప్పొడి అద్దే పనులు, ఉన్న ఊళ్ళలో పనిచేసిన స్నేహితురాలు, అక్కడ ఆడపిల్లలు దసరా ముందు నుంచే బడి మానేసేవాళ్ళని, తెల్లారకముందే చేలల్లో ఉండేవాళ్ళని చెప్పేది. మా మిర్చి పిల్లల ఏర్పాటు అక్కడ పనికిరాలేదు, ఆవిడ సాయంత్రం చేనుగట్టు మీదే అరగంట ఎక్కాలు చెప్పించేదట, పుస్తకం లేకుండా. అట్లాంటి ఊళ్ళలో ఇప్పుడు మూడో తరగతి తీసుకున్నవాళ్ళు హోంవర్కు ఏ వేళకి, ఎంత ఇస్తున్నారో, తేకపోతే ఏం చేస్తున్నారో వివరంగా రాస్తే నేను ప్రతి అక్షరం చదువుతాను.